ఒంటి కడ్డీకి దిక్కు తెలియదు



సైన్సు చదివేవాడికి చరిత్రతో పనేమిటని అడిగేవాళ్ళు మన కళాశాలలో చాలామందే ఉన్నారు. సంచికకు వ్యాసం ఇస్తానన్నప్పుడు నా రూమ్మేటే మొదట అడిగాడు. ఫిజిక్సు వాళ్ళు రాకెట్ల మీద రాయాలట, తెలుగు వాళ్ళు కవితలు రాయాలట, చరిత్ర వాళ్ళు రాజుల మీద రాయాలట. ఈ గట్లు ఎవరు వేశారో గాని, పొలం గట్లకన్నా గట్టిగా వేశారు. నా అభిప్రాయం వేరు. ఒక రాడారును ఎలా పరీక్షిస్తారో సరిగ్గా తెలిసినవాడికి, ఒక దీవి కథను ఎలా రాయాలో కూడా తెలిసి తీరాలి. రెండింటికీ సూత్రం ఒక్కటే. ఆ సూత్రంతో మన భద్రాచలం అడవి అంచుకు ఈనాడు ఎంత అవసరం ఉందో మనవి చేసుకోవడానికే ఈ నాలుగు మాటలూ.

శ్రీహరికోట పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క పులికాట్ సరస్సు, నడుమ ఆ దీవి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటును ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 మన ఉపగ్రహాన్ని మన గడ్డ మీది నుంచే కక్ష్యలో పెట్టింది. ఇవన్నీ మనం పరీక్షల కోసం బట్టీ పట్టినవే. ఆ దీవిలో మల్టీ ఆబ్జెక్ట్ ట్రాకింగ్ రాడార్ అని ఒకటి ఉంది. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల ఎత్తు, 35 టన్నుల బరువు. దాని ముఖం నిండా 4,608 చిన్న చిన్న ఏంటెన్నాలు పొదిగి ఉంటాయి. ఒకేసారి ఆకాశంలో పది వస్తువుల వెంటపడగలదు. ఇటువంటిదాన్నే ఫేజ్డ్ ఎర్రే అంటారు.

మామూలు గొడుగు ఏంటెన్నా ఒక దిక్కుకు చూడాలంటే దాని మెడ అటు తిప్పాలి. అంత బరువును తిప్పేసరికి కాలం పడుతుంది. ఫేజ్డ్ ఎర్రే మెడ తిప్పదు. ఎలాగంటే, మా పొలంలో వరి నాట్లు వేసే ఆడవాళ్ళ వరసను తలుచుకోండి. అందరూ ఒక్క లెక్కన వెనక్కి అడుగు వేస్తే వరస గట్టుకు సమానంగా కదులుతుంది. ఈ చివరామె కన్నా పక్కామె కాస్త ఆలస్యంగా, ఆమెకన్నా ఆ పక్కామె ఇంకాస్త ఆలస్యంగా అడుగు వేసిందనుకోండి, వరస మొత్తం ఏటవాలుగా తిరుగుతుంది. ఎవరి సాలు వారు విడిచిపెట్టలేదు, అయినా వరస దిక్కు మారింది. ఏంటెన్నాల నుంచి బయలుదేరే తరంగాల మధ్య కూడా ఆ కాస్త ఆలస్యాన్నే పెడతారు. దానినే మన పుస్తకాల్లో దశాభేదం అన్నారు. ఆలస్యాలు మార్చిన కొద్దీ తరంగాల పుంజం ఇటు నుంచి అటు క్షణంలో గెంతుతుంది. వినేటప్పుడూ ఇదే పద్ధతి. ఒంటి కడ్డీని నేలలో పాతితే చుట్టూ ఉన్న అన్ని దిక్కుల నుంచీ వచ్చే తరంగాలను వింటుంది. వినడమైతే వింటుంది గాని, ఎటునుంచి వచ్చిందో చెప్పలేదు. పక్కన రెండోది పాతితే, ఒకదానికి ముందు ఇంకోదానికి వెనుక చేరిన తేడాను బట్టి దిక్కు దొరకడం మొదలవుతుంది. వెయ్యి పాతితే దిక్కు సూదిమొనలా దొరుకుతుంది.

అయితే ఒక చిక్కుంది. వెయ్యి ఏంటెన్నాలు పెట్టడం వేరు, వెయ్యీ నిజం చెబుతున్నాయని తేల్చుకోవడం వేరు. తిరుపతికి దగ్గరలో గాదంకి అనే పల్లె ఉంది. అక్కడ గాలుల్ని పైపైకి, అనేక కిలోమీటర్ల ఎత్తు దాకా కొలిచే ఎం.ఎస్.టి. రాడారును 1990ల మొదట్లో నెలకొల్పారు. ఒకప్పుడు దూరదర్శన్ కోసం ఇళ్ళ మీద కట్టుకున్న ఏంటెన్నాల వంటివే యాగీలు, 32 వరసలు, వరసకు 32, మొత్తం 1,024 ఉన్నాయి. అటు 130 మీటర్లు, ఇటు 130 మీటర్లు, అంటే సుమారు నాలుగెకరాల చెలక. అది 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది గనుక తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు. ఒక ఏంటెన్నాకు వెళ్ళే తరంగం దారిలో పావు తరంగదైర్ఘ్యం వెనకబడితే చాలు, దశ 90 డిగ్రీలు తప్పుతుంది. పొరుగువాళ్ళంతా "ఔను" అంటుంటే అదొక్కటి అడ్డంగా మాట్లాడుతుంది. అందుకని ప్రతి ఏంటెన్నానూ, ప్రతి కేబులునూ విడివిడిగా కొలవాలి. వాటి తప్పును పట్టి రాసుకుని, లెక్కలో సరిచేయాలి. తీసి పారెయ్యక్కర్లేదు, తప్పు ఎంతో తెలిస్తే చాలు.

ఆ తర్వాత మొత్తాన్ని కలిపి పరీక్ష చేయాలి. దానికో లెక్క ఉంది. ఏంటెన్నా వెడల్పును వర్గం చేసి, రెట్టింపు చేసి, తరంగదైర్ఘ్యంతో భాగిస్తే, పరీక్షించేవాడు కనీసం ఎంత దూరాన నిలబడాలో వస్తుంది. 12 మీటర్ల శ్రీహరికోట రాడారుకు, దాని తరంగాలు 15 నుంచి 30 సెంటీమీటర్ల తరగతివి కాబట్టి, ఒక కిలోమీటరు నుంచి రెండు కిలోమీటర్ల దాకా వస్తుంది. గాదంకి రాడారుకు నోటుబుక్కు వెనకపేజీలో వేసి చూశాను, దాదాపు 6 కిలోమీటర్లు. అది చూసేది పైకి, కాబట్టి 6 కిలోమీటర్ల ఎత్తున ఎవరు నిలబడతారు? అందుకని అక్కడివాళ్ళు ఆకాశాన్నే సాక్షిగా పిలిచారు. కన్యారాశిలో వర్గో-ఏ అనే రేడియో మూలం ఉంది. సుమారు అయిదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఎం-87 అనే గెలాక్సీ అది. గాదంకి నడినెత్తికి బాగా దగ్గరగా దాటిపోతుంది. అది దాటేటప్పుడు వినబడే సవ్వడి లెక్క ప్రకారం పెరిగి తరిగిందా లేదా అని చూసి పుంజాన్ని సరిపోల్చుకున్నారు. 2019లో ప్రపంచమంతా చూసిన మొట్టమొదటి కృష్ణబిలం ఫోటో ఆ గెలాక్సీ నడిబొడ్డుదే. దాన్ని తీసిందీ ఒంటి దుర్బిణి కాదు, ఖండాల మీద చెదిరి ఉన్న ఏంటెన్నాల కూటమి.

దూరం దొరకనప్పుడు రెండో దారి ఉంది. ప్రతిధ్వని లేని గదిలో ఏంటెన్నా ముఖానికి బాగా దగ్గరగా ఒక చిన్న కొలకడ్డీని అంగుళమంగుళం జరుపుతూ చుక్క చుక్కనూ కొలుస్తారు. ఆ లెక్కలన్నీ కలిపి దూరాన ఎలా కనిపిస్తుందో గణితంతో తేలుస్తారు. అంటే చెప్పొచ్చేదేమిటంటే, పరీక్షకు మూడు నీతులు. ప్రతి గొంతునూ విడిగా విను. దూరం నుంచి చూడు, లేదా దగ్గరికి పోయి ఏ చుక్కనూ వదలకుండా చూడు. నీ చేతితో చేయని సాక్షితో సరిపోల్చుకో.

ఇప్పుడు మళ్ళీ శ్రీహరికోటకు వద్దాం. రాకెట్లు రాకముందు ఆ దీవి ఖాళీగా లేదు. అక్కడ యానాదులు ఉండేవారు. తేనె, దుంపలు, మందు మొక్కలు, చేపలు, పాముల జాడ, ఇవన్నీ వారికి కొట్టినపిండి. 1835లో దీవి కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటి నుంచి అడవి సరుకు ఏరి సర్కారుకు అప్పజెప్పేవాళ్ళుగా వాళ్ళను వాడుకున్నారు. అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ వెంట పడవల మీద మద్రాసు పొయ్యిల్లోకి వెళ్ళేవి. 1970ల మొదట్లో దీవిలో ఉన్నవాళ్ళను కదిలించి బయటి కాలనీలకు పంపారు. దేశానికి రాకెట్ కావాలి, నేను కాదనను. ఆ రాకెట్ చూసే నేను ఫిజిక్సు గ్రూపులో చేరాను. నా ప్రశ్న వేరు. ఆ దీవిని గురించిన పుస్తకం ఎవరిది?

లైబ్రరీలో వెతికితే దొరికేవి ఇవి. 1901లో మద్రాసు మ్యూజియం వారు వేసిన నెల్లూరు జిల్లా యానాదుల బులెటిన్. 1909లో వచ్చిన థర్‌స్టన్ ఏడు సంపుటాల కులాలు, తెగల గ్రంథం. ఆ థర్‌స్టన్ దొర మనుషుల ముక్కులూ తలలూ కొలకర్రతో కొలిచి రాసుకున్నవాడు. 1962లో వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశారు. యానాదుల్ని నేరస్థుల జాతిగా ముద్రవేసిన చట్టం మీద పోరాడిన నెల్లూరు మనిషి ఆయన. దానిని రెండో కడ్డీ అనుకోవచ్చు. అయినా, దీవిలో పుట్టి దీవి విడిచిన మనిషి తన చేత్తో గీసి, తన నోటితో చెప్పిన పుస్తకం మన షెల్ఫులో లేదు. 4,608 ఏంటెన్నాలను పొదిగిన గడ్డమీద, మనుషుల కథకు మాత్రం ఒకటి రెండు కడ్డీలతో సరిపెట్టుకున్నాం. అందుకే ఆ కథకు దిక్కు తెలియదు. ఎవరు పోగొట్టుకున్నారో, ఎవరు పొందారో, ఏ వైపు నుంచి బాధ వచ్చిందో ఆ పుస్తకాల్లో సూదిమొనలా తెలియదు.

కొందరు చిత్రకారులు చేసే ఒక రకం పుస్తకాలున్నాయి. అచ్చు యంత్రం దగ్గర మొదలయ్యే పుస్తకాలు కావవి. కాగితం, గుడ్డ, కుట్టు, బొమ్మ, మడత, అన్నీ కథలో భాగమే. పరాయి పాలన చూసిన దీవుల్లో, వలస పోయిన కుటుంబాల్లో, పాత ఫోటోలూ, రేవు కాగితాలూ, అమ్మమ్మల మాటలూ కలిపి ఇలా పుస్తకాలు కట్టేవాళ్ళున్నారు. మద్రాసులో తారా బుక్స్ వారు చేతికాగితం మీద చేత్తో అచ్చు వేసి పుస్తకాలు చేస్తారు. 2004లో వారు వేసిన లండన్ జంగిల్ బుక్ అనే పుస్తకంలో భజ్జూ శ్యామ్ అనే గోండు చిత్రకారుడు తాను చూసిన లండన్‌ను గోండు బొమ్మల్లో గీశాడు. వందేళ్ళ పాటు దొరలు గోండుల్ని చూసి రాశారు, ఇప్పుడు గోండు దొరల ఊరిని చూసి గీశాడు. ఏంటెన్నా ముఖం అటునుంచి ఇటు తిరిగింది.

ఇదేదో పట్నంవాళ్ళ సరదా అనుకోకండి. మనకది కొత్త కాదు. మన కోయ డోలివాళ్ళ దగ్గర పడిగె ఉంటుంది. గుడ్డమీద తమ గట్టు, గోత్రం, వేల్పుల కథను బొమ్మలుగా నిలిపి, కొలుపుల వేళ విప్పి, డోలు కొడుతూ చెబుతారు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ విద్యకే. సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోనూ తెలుగులోనూ చెప్పగలిగిన ఆ పెద్దాయన 2024లో కన్నుమూశారు. ఆయన పోయినరోజు మన హాస్టల్లో ఎంతమందికి తెలిసింది?

దీవి అన్న మాటకూ మన అడవికీ ఉన్న సంబంధం కూడా చెప్పాలి. తెలుగులో యావజ్జీవ ప్రవాస శిక్షను ద్వీపాంతరవాసం అంటారు. ఆ మాట పుస్తకంలో పుట్టినా, దెబ్బ తగిలింది ఏజెన్సీకి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసు ప్రభుత్వపు గోదావరి జిల్లాలో కలిపారు. పోడు మీద పన్ను పెరిగింది, కొన్ని అడవులకు కంచె పడింది. 1879 రంప పితూరీ రేకపల్లి దాకా పాకింది. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిలో పట్టుబడ్డ కొందరిని అండమాన్ దీవులకు పంపారు. నాయకుడికి విగ్రహాలున్నాయి, మంచిదే. ద్వీపాంతరం పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఏం చెప్పుకున్నారో రాసిన పుస్తకం ఏది?

గోదావరికి అటు తెల్లదొర, ఇటు నిజాం. అది పోయాక 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాల ఊళ్ళను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు అటు పోయాయి, భద్రాచలం పట్నం ఇటు మిగిలింది. గీత మారినప్పుడల్లా కాగితాలు మారాయి, అడవిలో మనుషులు అక్కడే ఉన్నారు. ఈసారి సంగతి వేరు. ప్రాజెక్టు నిండు నీటిమట్టం 150 అడుగులు. నీళ్ళు నిలిస్తే కోయ, కొండరెడ్డి ఊళ్ళు ఉండవు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి దీవులైపోయాయి. అది తగ్గిపోయే వరద. రాబోయేది తగ్గని నీరు. మన కళ్ళముందే మన శ్రీహరికోట ఒకటి తయారవుతోంది. 1945లో హైమన్‌డార్ఫ్ దొర పాపికొండల రెడ్ల మీద రాసిన పుస్తకం మిగులుతుంది. పునరావాసం ఆఫీసు జాబితా మిగులుతుంది. ఇంకేమీ మిగలకపోతే, రేపటివాళ్ళకు మనం మళ్ళీ రెండు కడ్డీలే ఇచ్చిపోతాం.

ఇక్కడ నేను నా ఇంటి సంగతి కూడా చెప్పాలి. మాది ఖమ్మం వైపు మైదానం ముగిసి అడవి మొదలయ్యే చోట ఊరు. పత్తి, మిరప, కాస్త వరి. మా తాత ఎద్దుబండి కట్టుకుని వచ్చి, రాయీ రప్పా ఏరి, చెలక చేశాడని మా ఇంట్లో చెబుతారు. అబద్ధం కాదు, ఆయన చేతుల కాయలు నేను చూశాను. మిరప ఏరడానికి వచ్చే ఒక కోయ ముసలమ్మ, "ఏం బాబూ, మీ తాత రాకముందు ఈ చెలక పేరేందో ఎరుకేనా?" అని అడిగి, ఒక కోయ పేరు చెప్పింది. మా కాగితాల్లో ఆ పేరు లేదు, సర్వే నంబరుంది. భూమి తగాదాలు, 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం, కోర్టు కేసులు, వీటితో మా ప్రాంతంలో ప్రతి ఇంటికీ తన కథ ఉంది. మా తాత కథ ఒక ఏంటెన్నా. ముసలమ్మ కథ ఒక ఏంటెన్నా. రెండింటి మధ్య తేడా ఉందని ఒకదాన్ని పీకేస్తామా? తేడాలోనే కదా దిక్కు దొరికేది!

నాతో వాదించేవాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి, బొమ్మల పుస్తకం పరిహారం ఇప్పిస్తుందా, ఇల్లు కట్టిస్తుందా? ఇప్పించదు. భూమికి భూమి, ఇంటికి ఇల్లు, అది వేరే పోరాటం, జరగాల్సిందే. కానీ ఏం పోయిందో రాసిలేనివాడు ఏం అడగాలో కూడా అడగలేడు. చింతచెట్టుకు జాబితాలో ధర ఉంటుంది, ఆ చెట్టు కింద ఎవరి వేల్పు ఉందో జాబితాలో గడి ఉండదు. రెండోది, జ్ఞాపకాలు నమ్మదగ్గవేనా, ముసలివాళ్ళు పెంచి చెబుతారు కదా అని. నిజమే, చెబుతారు. దొరలూ పెంచే చెప్పారు. ఏ ఏంటెన్నా తప్పులేకుండా ఉండదని గాదంకిలో ముందే తెలుసు. తప్పుందని మూలకు పారెయ్యకుండా, ఒక్కొక్కటీ కొలిచి, పక్కదానితో పోల్చి, సరిచేసి వాడుకున్నారు. మనిషి మాటకు ఆపాటి మర్యాద ఇవ్వలేమా?

కాబట్టి విద్యార్థి సంఘానికి నా ప్రతిపాదన ఇది. వచ్చే వేసవి సెలవుల్లో గోదావరికి ఇరువైపుల నుంచి వచ్చిన విద్యార్థులం చిన్న చిన్న జట్లుగా ఏర్పడాలి. జట్టుకు ఒక ఊరు. అందులో ఆ ఊరి పిల్లలో, ఆ భాష వచ్చినవాళ్ళో తప్పక ఉండాలి. ఊరికి ఒక పుస్తకం, చేతితో చేసింది. ఖర్చు పెద్దగా ఉండదు, గట్టి కాగితం, గుడ్డ, సూది దారం, ఇంకు, అంతే. వాగుల పేర్లు, చెలకల పేర్లు, రాళ్ళ పేర్లు, చెట్ల పేర్లు కోయమాటలోనే, తెలుగు లిపిలో రాయాలి. బొమ్మలు ఊరివాళ్ళు గీయాలి, మనం గీసి వాళ్ళ పేరు పెట్టకూడదు. ఒకే సంగతిని కనీసం ముగ్గురి దగ్గర వినాలి, ఒకరు ఆడమనిషి కావాలి. ముగ్గురి మాటా కలవకపోతే మూడూ పక్కపక్కన రాయాలి. చెప్పొద్దన్న సంగతి, వేల్పుల రహస్యం, రాయకూడదు.

సైన్సు విద్యార్థుల పని కూడా ఉంది. ఊళ్ళో ప్రతి బావి, ప్రతి గట్టు, ప్రతి శ్మశానం ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో కొలిచి పటం వేయాలి. నీళ్ళు వచ్చాక ఆ పటమే సాక్ష్యం. ఆఖరున పుస్తకాన్ని పరీక్ష చేయాలి. మన ప్రొఫెసరుగారు బాగుందంటే సరిపోదు, ఆయన మన ఏంటెన్నానే. ఊరి రచ్చ దగ్గర విప్పి, చదివి వినిపించాలి. మన చేతితో చేయని సాక్షి ఆ ఊరే. "ఇది మాదే" అని ఊరంటే పుస్తకం పాసయినట్టు. కాదంటే మళ్ళీ రాయాలి. మొదటి ప్రతి ఊరికి, రెండోది మన లైబ్రరీకి.

శ్రీహరికోటలో కూడా ఆలస్యమేమీ కాలేదు. దీవి విడిచినవారి పిల్లలు, మనవళ్ళు సూళ్ళూరుపేట చుట్టుపక్కల ఉన్నారు. నెల్లూరు, తిరుపతి విద్యార్థులు తలుచుకుంటే ఆ పుస్తకం కూడా వస్తుంది. ఏదో ఒకనాడు ఆ రాడారు పక్కనే ఒక గదిలో ఆ పుస్తకం కూడా పెడితే, రాకెట్ చూడడానికి వచ్చే పిల్లలు రెండూ చూస్తారు. అందువల్ల రాకెట్ గౌరవం తగ్గదు.

మిత్రులారా, ఆకాశంలో అయిదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరాన్నుంచి వచ్చే సవ్వడిని పట్టుకోవడానికి మనం వెయ్యి ఏంటెన్నాలు పాతాం, ఒక్కొక్కటీ సరిచూసుకున్నాం. గోదావరి ఒడ్డున, బస్సుకు రెండు గంటల దూరంలో ఉన్న సవ్వడిని వినడానికి ఈ వేసవిలో ఇరవైమందిమైనా బయలుదేరలేమా? పేర్లు ఇవ్వదలిచినవారు సంఘం కార్యదర్శి దగ్గర ఇవ్వండి. మొదటి పేరు నాది రాసుకోమన్నాను.